తక్కువ ఖర్చుతో ఆఫ్‌గ్రిడ్ సోలార్: ఏది ముందు ఎంచుకోవాలి, ఏది తర్వాత

ఆఫ్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైనుతో కలపకుండా సొంత బ్యాటరీ మీద నడిచే సోలార్ పెట్టుకుందామనుకున్నవాళ్లలో చాలామంది మొదట ప్యానెల్ కొంటారు. కంటికి కనిపించేది అదే కాబట్టి. తర్వాత దానికి సరిపోయే కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు సర్ది పంపే పెట్టె), ఆ కంట్రోలర్‌కి సరిపోయే బ్యాటరీ వెతుక్కుంటూ పోతారు. చెప్పులు కొన్నాక వాటికి తగ్గట్టు కాళ్లు కోసుకోవడమన్నమాట. నేనూ అదే చేశాను. నా మొదటి సెటప్‌లో 100 వాట్ల ప్యానెల్ ఒకటి, మూలన పడి ఉన్న కారు బ్యాటరీ ఒకటి, చేతికందిన ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని ఇంట్లో ప్లగ్గుకి వచ్చే రకంగా మార్చేది) ఒకటి. మొదటి వారం సంబరమే సంబరం. మూడో నెలకల్లా ఆ బ్యాటరీ గంటసేపు బల్బు కూడా వెలిగించలేకపోయింది. తప్పు బ్యాటరీది కాదు, నాదే. ఎందుకో బ్యాటరీ దగ్గరికొచ్చాక చెబుతాను.

అసలు వరుస ఇది: ముందు వాడకం లెక్క, దాన్నుంచి బ్యాటరీ, ఆ రెండింటి నుంచి ప్యానెల్, వాటిని కలిపే కంట్రోలర్, అవసరమైతేనే ఇన్వర్టర్. నేను చెప్పేది రోజుకి ఒక యూనిట్, అంటే 1000 వాట్ అవర్ల లోపు వాడే చిన్న సెటప్ గురించి. కొన్ని బల్బులు, ఒక ఫ్యాను, రౌటర్, ఫోన్లు, ల్యాప్‌టాప్ అనుకోండి. ఫ్రిజ్, నీళ్ల మోటారు కూడా నడపాలంటే లెక్కలు ఇవే కానీ సామాను వేరే.

1. ముందు కాగితం, పెన్ను

ప్రతి వస్తువుకీ వాట్లు ఎన్ని, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది అని రాసి గుణించండి. ఉదాహరణకి:

9 వాట్ల ఎల్ఈడీ బల్బులు మూడు, 5 గంటలు: 135
30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తాగే కొత్తరకం), 10 గంటలు: 300
10 వాట్ల రౌటర్, 24 గంటలు: 240
రెండు ఫోన్ల చార్జింగ్: 30
45 వాట్ల ల్యాప్‌టాప్, 3 గంటలు: 135

మొత్తం 840 వాట్ అవర్లు. వైర్లలో, కన్వర్టర్లలో పోయేది కలుపుకుని 1000 అనుకుందాం. కింద లెక్కలన్నీ ఈ 1000 మీదే.

ఈ జాబితాలో రౌటర్‌ని చూడండి. పది వాట్లే కదా అని ఎవరూ పట్టించుకోరు, కానీ రోజంతా నడిచేసరికి మూడు బల్బుల కన్నా ఎక్కువ తాగేస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు ఆపేస్తే అందులో మూడో వంతు మిగులుతుంది. ఫ్యాను సంగతి ఇంకా పెద్దది. పాతరకం 75 వాట్ల ఫ్యాను అదే 10 గంటలు తిరిగితే 750 వాట్ అవర్లు. అంటే ఆ ఒక్క ఫ్యాను మారిస్తే 450 మిగులుతుంది. అంత కరెంటు అదనంగా కావాలంటే దాదాపు 160 వాట్ల ప్యానెల్, దానికి తగ్గ బ్యాటరీ కూడా కొనాలి. ఫ్యాను మార్చడమే చవక. బడ్జెట్ తక్కువైనప్పుడు మీ మొదటి ఖర్చు సోలార్ సామాను మీద కాకుండా ఇలాంటి వాటి మీద పెట్టండి.

వాట్లు వస్తువు మీద రాసి ఉన్నదాన్ని బట్టి వేసుకోవచ్చు కానీ, అడాప్టర్ మీద ఉండేది గరిష్ఠం. 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ మామూలు పనికి అందులో సగం కూడా లాగకపోవచ్చు. ప్లగ్గులో పెట్టే చిన్న వాట్‌మీటర్ ఒకటి అరువు తెచ్చుకునైనా కొలవండి.

2. 12 వోల్టులా, 24 వోల్టులా

ఈ సైజుకి 12 చాలు. 12 వోల్టుల బల్బులు, ఫ్యాన్లు, ఫోన్ చార్జర్లు తేలిగ్గా దొరుకుతాయి. ఒకేసారి 1000 వాట్ల లోడు వేయాల్సి వస్తే మాత్రం 24 గురించి ఆలోచించండి. 12 వోల్టుల మీద 1000 వాట్ల ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి దాదాపు 100 యాంపులు లాగుతుంది. అంత కరెంటుకి వైర్లు బొటనవేలంత లావుండాలి.

3. బ్యాటరీ: ఇక్కడ తొందరపడకండి

నా కారు బ్యాటరీ ఎందుకు పోయిందంటే, దాని పని వేరు. ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు భారీగా కరెంటిచ్చి, వెంటనే మళ్లీ నిండిపోవడానికి దాన్ని తయారుచేస్తారు. లోపల పలుచటి ప్లేట్లుంటాయి. రోజూ సగం దాకా ఖాళీ చేస్తే ఆ ప్లేట్లు తట్టుకోలేవు. సోలార్‌కి కావాల్సింది డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే రోజూ లోతుగా ఖాళీ చేసినా తట్టుకునేది. అందులో మీ ముందు రెండు దారులున్నాయి: లెడ్ యాసిడ్‌లో ట్యూబులర్, లేదా లిథియంలో ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

ట్యూబులర్ కొనేటప్పుడు చవకే. కానీ ఎక్కువ కాలం రావాలంటే సగానికి మించి వాడకూడదు. అందుకే 1000 వాట్ అవర్లు కావాలంటే 2000 కొనాలి. 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 167 యాంప్ అవర్లు, బ్యాటరీ సైజు చెప్పేది ఈ కొలతలోనే. దగ్గర్లో 150 దొరికితే సర్దుకోవచ్చు. లేబుల్ మీద సీ10, సీ20 అని ఉంటుంది, అది తప్పకుండా చూడండి. సీ10 అంటే 10 గంటల్లో ఖాళీ చేస్తే ఎంత వస్తుంది, సీ20 అంటే 20 గంటల్లో ఎంత అని. నెమ్మదిగా ఖాళీ చేస్తే ఎక్కువ వస్తుంది కాబట్టి, ఒకే బ్యాటరీకి సీ20 అంకె పెద్దగా కనిపిస్తుంది. రెండు బ్యాటరీలని పోల్చేటప్పుడు ఒకే కొలతతో పోల్చండి, లేకపోతే మోసపోతారు.

ఎల్ఎఫ్‌పీ అయితే 80 శాతం దాకా ధీమాగా వాడుకోవచ్చు. 12.8 వోల్టులు, 100 యాంప్ అవర్ల బ్యాటరీలో 1280 వాట్ అవర్లుంటాయి. అందులో 80 శాతం 1024. మన ఉదాహరణకి సరిగ్గా సరిపోయింది. రోజూ వాడినా వేల సార్లు నింపి ఖాళీ చేయొచ్చు, డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు, బరువు కూడా చాలా తక్కువ. కొనేటప్పుడు ఎక్కువ పెట్టాలి, నిజమే. కానీ ఖరీదుని అది జీవితకాలంలో ఇచ్చే మొత్తం యూనిట్లతో భాగించి చూస్తే చాలాసార్లు ఎల్ఎఫ్‌పీనే గెలుస్తుంది. నా సలహా కూడా అదే, ఒక్క మినహాయింపుతో: సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి పోయినప్పుడు లిథియంని చార్జ్ చేయకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. గడ్డకట్టే చలి ఉండే చోటైతే చలికి చార్జింగ్ ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉన్నదే తీసుకోండి, లేదా బ్యాటరీని ఇంట్లో వెచ్చగా ఉండేచోట పెట్టండి.

లెడ్ యాసిడే కొంటుంటే ఒక ఉచ్చు ఉంది. "పెద్ద బ్యాటరీ ఉంటే మంచిదే కదా" అని చిన్న ప్యానెల్‌కి పెద్ద బ్యాటరీ తగిలిస్తారు. అది ఏ రోజూ పూర్తిగా నిండదు. సగం ఆకలితో ఉండిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కెపాసిటీ నెలనెలా తగ్గిపోతుంది. దాని యాంప్ అవర్లలో కనీసం పదో వంతు చార్జింగ్ కరెంటు ఉండాలి. 150 యాంప్ అవర్లకి 15 యాంపులు. అదీ చార్జింగ్ నడిచేటప్పుడు వాడుకునే లోడుకి అదనంగా. లిథియంకి ఈ బాధ లేదు, సగం నిండి ఉన్నా దానికేం కాదు.

సెకండ్ హ్యాండ్ బ్యాటరీ మాత్రం కొనొద్దు. బయటికి ఎంత బాగున్నా లోపల ఎంత మిగిలిందో చూపుకి తెలియదు.

4. ప్యానెల్: ఏడాదిలో చెడ్డ నెలని చూసి లెక్కేయండి

ప్యానెల్ మీద రాసిన వాట్లు ల్యాబ్ అంకె. చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటిది. అంత ఎండ ఉండే రోజు సెల్ 25 దగ్గర ఉండదు. నల్లటి ప్యానెల్ ఎండలో 60 డిగ్రీలకి చేరడం మామూలే. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 35 డిగ్రీలకి 12 శాతం అక్కడే పోతుంది. దుమ్ము, వైర్లు, కంట్రోలర్ నష్టాలు కలిపితే రాసినదాంట్లో 70 శాతం చేతికొస్తే సంతోషించండి.

ఇక ఎండ గంటలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు అనుకోకండి. రోజంతా పడిన ఎండని పూర్తి ఎండ గంటల్లోకి మార్చిన లెక్క కావాలి. గ్లోబల్ సోలార్ అట్లాస్, పీవీజీఐఎస్ అనే ఉచిత సైట్లలో మ్యాపు మీద మీ చోటు గుర్తిస్తే ఎండ లెక్క వచ్చేస్తుంది. ఏడాది సగటు చూసి మురిసిపోకుండా నెలలవారీ లెక్క తీసి, అన్నింటికన్నా తక్కువున్న నెల అంకె తీసుకోండి. మీకు కరెంటు కావాల్సింది ఆ నెలలో కూడా.

చెడ్డ నెలలో 4 గంటలు అనుకుందాం. 1000ని 4తో, మళ్లీ 0.7తో భాగిస్తే 357. అంటే 350 నుంచి 400 వాట్ల ప్యానెల్. లెడ్ యాసిడ్ అయితే నింపేటప్పుడే కొంత వృథా అవుతుంది కాబట్టి 400 పైనే ఉంచండి.

బడ్జెట్ బిగువుగా ఉంటే బ్యాటరీ పెంచే బదులు ప్యానెల్ పెంచండి. వాట్‌కి ప్యానెల్ చవక, పాతికేళ్లు ఉంటుంది. మబ్బు పట్టిన రోజు పెద్ద బ్యాటరీ ఖాళీగా చూస్తూ కూర్చుంటుంది, పెద్ద ప్యానెల్ ఆ మబ్బులోనూ ఎంతో కొంత తెస్తుంది.

ఇక్కడ మాత్రం సెకండ్ హ్యాండ్‌కి నేను పూర్తిగా సరే. మంచి ప్యానెల్ ఏడాదికి అర శాతం అటూ ఇటూగా మాత్రమే తగ్గుతుంది. వెళ్లేటప్పుడు మల్టీమీటర్ తీసుకెళ్లి, ఎండలో పెట్టి వోల్టేజీ కొలవండి, తర్వాత మీటర్ రేంజి మించకుండా చూసుకుని షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలవండి. వెనక లేబుల్ మీదున్న అంకెలతో సరిపోల్చండి. వోల్టేజీ దగ్గర్లో ఉండాలి, కరెంటు ఎండని బట్టి తగ్గుతుంది. ఒకే చోట ఉన్న నాలుగైదు ప్యానెళ్లు కొలిస్తే పాడైనదేదో దానంతటదే బయటపడుతుంది. వెనక తెల్లటి షీటు పగిలినా, సెల్ మీద కాలిన మచ్చ ఉన్నా వదిలేయండి.

పెట్టేచోట నీడ ఎక్కడెక్కడ పడుతుందో ఒక రోజంతా గమనించండి. కొమ్మ నీడ ఒక మూల పడినా ఆ వరసలోని సెల్స్ అన్నీ మొరాయిస్తాయి. వంపు కోణం సుమారుగా మీ అక్షాంశానికి సమానంగా, భూమధ్యరేఖ వైపు తిప్పి పెడితే ఏడాది మొత్తానికి బాగుంటుంది.

5. కంట్రోలర్: పేరు చూసి కాదు, అంకెలు చూసి

పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపి, తెరిచి మూస్తూ ఉంటుంది. అందుకే ప్యానెల్ ఎంత వోల్టేజీ ఇవ్వగలిగినా బ్యాటరీ వోల్టేజీ దగ్గరే పనిచేస్తుంది. ఎంపీపీటీ రకం ఎక్కువ వోల్టేజీని తగ్గించి, ఆ మేరకు కరెంటుని పెంచి ఇస్తుంది.

"12 వోల్టుల ప్యానెల్" అని అమ్మే 36 సెల్స్ ప్యానెల్ దాదాపు 18 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. 100 వాట్లది ఐదున్నర యాంపులిస్తుంది. పీడబ్ల్యూఎంతో 13 వోల్టుల బ్యాటరీకి కలిపితే 72 వాట్లు. 100 వాట్ల సెటప్‌కి ఈ నష్టం భరించవచ్చు. అదే ఇళ్ల మీద పెట్టే 400 వాట్ల పెద్ద ప్యానెల్ అయితే సుమారు 31 వోల్టులు, 13 యాంపులు. పీడబ్ల్యూఎంతో వచ్చేది 13 గుణించు 13, అంటే 169 వాట్లు. సగానికి పైగా గాలికి పోయింది. పెద్ద ప్యానెల్ వాట్‌కి చవక కాబట్టి మన సైజుకి పెద్ద ప్యానెల్ ఒకటి, ఎంపీపీటీ ఒకటి అనేదే లాభసాటి జోడీ.

రెండు అంకెలు చూసుకోండి. ఒకటి బ్యాటరీ వైపు యాంపులు: 400ని 13తో భాగిస్తే దాదాపు 30. రెండోది ప్యానెల్ వైపు గరిష్ఠ వోల్టేజీ. ఇది దాటితే కంట్రోలర్ కాలిపోతుంది, మళ్లీ లేవదు. ప్యానెల్ లేబుల్ మీద వీఓసీ (ఏమీ తగిలించనప్పటి వోల్టేజీ) అని ఉండే అంకె 25 డిగ్రీలకి సంబంధించింది, చలికి అది పెరుగుతుంది. 37 వోల్టుల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెడితే 74. గడ్డకట్టే చలి ఉదయాన అది 80 చేరుకోవచ్చు. 75 వోల్టుల కంట్రోలర్ పోయినట్టే, 100 వోల్టులది కావాలి. ఒకటే ప్యానెల్ అయితే ఈ టెన్షన్ లేదు.

బయట ఎంపీపీటీ అని అచ్చేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మే బాపతు చాలా ఉంది. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా, ఖాళీ డబ్బాలా ఉంటే అనుమానించండి, ఎందుకంటే అసలుదానిలో రాగి చుట్టలు, హీట్ సింక్ బరువుంటాయి. గట్టి పరీక్ష ఇంకోటుంది. మంచి ఎండలో, బ్యాటరీ నిండకముందు, డీసీని, అంటే బ్యాటరీ రకం కరెంటుని, వైరు చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటర్‌తో ప్యానెల్ నుంచి వచ్చే కరెంటు, బ్యాటరీకి పోయే కరెంటు కొలవండి. ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కన్నా బాగా ఎక్కువైనా రెండు కరెంట్లూ సమానంగా ఉంటే, మీరు కొన్నది ఎంపీపీటీ కాదు.

బ్యాటరీ రకానికి సెట్టింగు ఉందో లేదో కూడా చూడండి. ఎల్ఎఫ్‌పీకి 14.2 నుంచి 14.4 వోల్టుల దగ్గర చార్జింగ్ ముగిస్తే చాలు, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ కోసం వోల్టేజీ పెంచి చార్జ్ చేసే పద్ధతి) తప్పకుండా ఆఫ్ చేసి ఉండాలి.

6. ఇన్వర్టర్ నిజంగా కావాలా

నా మొదటి సెటప్‌లో ఇంకో దొంగ ఇదే. ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే పది వాట్ల దాకా తాగుతూనే ఉంటుంది. రోజంతా వదిలేస్తే 240 వాట్ అవర్లు. రౌటర్ ఇంకోటి పెట్టుకున్నట్టే.

బల్బులు, ఫ్యాను, ఫోన్లు 12 వోల్టుల మీద నేరుగా నడపండి. ల్యాప్‌టాప్‌కి కార్లలో వాడే టైప్ సీ చార్జర్ సరిపోతుంది. రౌటర్ 12 వోల్టులదే అయినా బ్యాటరీకి నేరుగా తగిలించకండి. చార్జింగ్ టైములో బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది. మధ్యలో నికరంగా 12 ఇచ్చే చిన్న డీసీ కన్వర్టర్ పెట్టండి.

మిక్సీ లాంటివి ఎప్పుడైనా నడపాల్సి వస్తేనే ఇన్వర్టర్ కొనండి, అదీ ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే ఇంటి కరెంటు లాగే నునుపైన అల ఇచ్చేది. చవక రకం మాడిఫైడ్ సైన్ మీద మోటార్లు వేడెక్కుతాయి, మూలుగుతాయి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకి కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి సర్జ్ అంకె కూడా చూడండి. అన్నింటికన్నా ముఖ్యం, వాడనప్పుడు స్విచ్ కట్టేయండి.

7. వైర్లు, ఫ్యూజులు: ఇక్కడ కక్కుర్తి పడితే ఇల్లు కాలుతుంది

12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ పాజిటివ్, నెగటివ్ మధ్య స్పానర్ పడితే అది ఎర్రగా కాలిపోతుంది. షాక్ లేకపోయినా మంట ఉంది.

వైరు మందానికి లెక్క తేలికే. ఒకవైపు పొడవుని మీటర్లలో తీసుకుని, 2తో, యాంపులతో, 0.0175తో గుణించి, రాగి వైరు చదరపు మిల్లీమీటర్లతో భాగించండి. వచ్చేది వోల్టేజీ నష్టం. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 2 మీటర్లు, 30 యాంపులు, 10 చదరపు మిల్లీమీటర్లు అయితే 0.21 వోల్టులు, ఫర్వాలేదు. 10 మీటర్ల దూరంలో 5 యాంపుల లోడుకి ఇంట్లో మిగిలిన 1.5 వైరు వేస్తే 1.17 వోల్టులు పోతాయి. బల్బులు మందగిస్తాయి, ఫ్యాను నీరసపడుతుంది. అదే 4 వేస్తే 0.44. నష్టం మూడు శాతం దగ్గర్లో ఉండేలా చూసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు రాగిలాగే కనిపిస్తుంది. ఒక పోగు గీకి చూస్తే లోపలి తెలుపు బయటపడుతుంది.

ఫ్యూజు ఉండేది వైరుని కాపాడటానికి, వస్తువుని కాదు. అందుకే అది బ్యాటరీ పాజిటివ్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఉండాలి. నడిచే కరెంటుకి 1.25 రెట్లు, కానీ వైరు మోయగలిగే దానికన్నా తక్కువ. 30 యాంపుల కంట్రోలర్‌కి 40 యాంపుల ఫ్యూజు. కొనేముందు అది డీసీదే అని రూఢి చేసుకోండి. ఇంట్లో ప్లగ్గుకి వచ్చే ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు, ఏసీ బ్రేకర్ లోపలే మంట నిలిచిపోవచ్చు. కొన్ని డీసీ బ్రేకర్లకి ప్లస్, మైనస్ దిశ కూడా ఉంటుంది, తిరగేసి బిగిస్తే పనిచేయవు.

లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. వారం తర్వాత మంచి లోడు మీద ప్రతి జాయింటునీ తాకి చూడండి. వేడిగా ఉంటే అది వదులుగా ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గాలి ఆడే చోటే పెట్టండి. ప్యానెల్ ఫ్రేముకి ఎర్తింగ్ మరవద్దు.

8. కలిపే వరుస

ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపండి. కంట్రోలర్ తెలుసుకోవాల్సిన మొదటి విషయం బ్యాటరీ వోల్టేజీ. సెట్టింగులు పెట్టాక ప్యానెల్‌ని, ఆఖరున లోడుని. విప్పేటప్పుడు వరుస తిరగబడుతుంది: లోడు, ప్యానెల్, చివరికి బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్‌ని కలిపితే చాలా కంట్రోలర్లు దెబ్బతింటాయి. ప్యానెల్ మీద పని చేసేటప్పుడు దుప్పటి కప్పండి, దానికి వేరే స్విచ్ లేదు.

మొదటి రెండు వారాలు పొద్దున లేవగానే, ప్యానెల్ మీద ఎండ పడకముందు ఒక అంకె రాసుకోండి. లెడ్ యాసిడ్ అయితే లోడు ఆపి కాసేపాగి వోల్టేజీ చూడండి: 12.7 ఉంటే నిండినట్టు, 12.1 దగ్గరుంటే సగం. ఎల్ఎఫ్‌పీకి ఇది పనికిరాదు. నిండుగా ఉన్నా, పావు మాత్రమే మిగిలినా వోల్టేజీ 13 చుట్టూనే తిరుగుతుంది. అందుకే దానికి షంట్ (దారిలో పెట్టి కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మీటర్ ఒకటి పెట్టుకోండి, లోపలికి బయటికి పోయే యాంపులని లెక్కపెట్టి శాతం చూపిస్తుంది. వరుసగా మూడు పొద్దున్నలు సగం కిందకి కనిపిస్తే కొత్త ప్యానెల్ కోసం పరిగెత్తకండి. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి, దాన్లో లేని లోడు ఏది నడుస్తోందో వెతకండి. నా విషయంలో అది ఎవరూ చూడని గదిలో రాత్రంతా తిరిగిన టేబుల్ ఫ్యాను.